గోంగూర మధ్యలో డాక్టరు

నరసరావుపేట

ఝాన్సీ అక్కకు, దూరం నుంచే దణ్ణం పెట్టి హిమజ రాస్తున్నది.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని తిట్టకు. ఫోన్‌లో మాట్లాడితే అత్తయ్య స్పీకర్ పెట్టమంటుంది. కాగితానికి స్పీకర్ ఉండదు.

నీ వంటల వీడియోలు మా టీవీలో రోజూ చూస్తున్నాను. ఈమధ్య మరీ హాయిగా ఉంది. మీ మరిది ప్రకటనలు రాకుండా టీవీలోనూ ఫోన్లలోనూ ఏదో పెట్టారు. ఇంతకుముందు నువ్వు ఆవాలు వెయ్యబోతుంటే సబ్బు వచ్చేది. నూనె మాడిపోతుందేమోనని కంగారుపడేదాన్ని.

నీ చెల్లెలు
హిమజ

తా.క.: మూడేళ్ళయినా పిల్లలు లేరని నన్ను పుట్టింటికి పంపేసి, ముప్పాళ్ళ పిల్లను కోడలిగా తెచ్చుకుంటానంటోంది అత్తయ్య. పై నెలలో పెద్దమనుషుల్ని పిలుస్తుందట. లోపం నాదేనట. నన్ను పరీక్షకు ఎవరూ తీసుకెళ్ళలేదు.


ఎడ్లపాడు

ఏమే హిమజా,

దీవెనలు తర్వాత. ముందు తిట్లు.

మీ ఆయన పెట్టింది నా నోటి దగ్గర కూడు తీసేసే యంత్రం. ఆ ప్రకటనలు మీరు చూస్తేనే కదే నాకు నాలుగు డబ్బులు వచ్చేది! అవి లేకుండా నా వీడియో చూడటమంటే, పెళ్ళిలో పప్పన్నం నుంచి కిళ్ళీ దాకా లాగించి, చదివింపులు రాయించకుండా దొడ్డిదారిన పోవడమే. నువ్వొక్కదానివేగా అనమాక. విందుకొచ్చిన ప్రతివాడూ అదే అనుకుంటాడు. వెంటనే తీయించు.

మీ అక్క
ఝాన్సీలక్ష్మి

తా.క.: పెద్దమనుషులొచ్చిన రోజు నోరు తెరువు. ఆవలించడానికి కాదు.


నరసరావుపేట

కోపంగా ఉన్న అక్కకు,

మన గోడ మీద ఎవడో పోస్టరు అంటిస్తే చింపేస్తాం కదా, టీవీలో చింపితే తప్పెట్లా అని ముందు అనుకున్నాను. తర్వాత నీ కూడు గుర్తొచ్చి, పక్కింటి లిఖిత చేత టీవీలో తీయించాను. మీ మరిదికి చెప్పలేదు.

ఎంత పని చేశావక్కా! నీ గోంగూర వేగుతుండగా ఒక డాక్టరు ప్రత్యక్షమై, "లోపం మగవారిలోనూ ఉంటుంది, సిగ్గుపడకండి" అన్నాడు. మామయ్య కాఫీ గ్లాసుతో సహా పెరట్లోకి వెళ్ళిపోయారు. "మీ అక్కకి సిగ్గూ శరం లేవటే? ఇట్టాంటి బేరాలు ఒప్పుకుందేంది?" అంది అత్తయ్య. తర్వాత పప్పుచారులోనూ అదే డాక్టరు.

కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభ కట్టినప్పుడు చందా ఇచ్చినవాళ్ళ పేర్లు మైకులో చదువుతారు చూడు, నువ్వూ అట్లా ఎవరు డబ్బిస్తే వాళ్ళని చదివించడమేనా? కాస్త మర్యాదైనవాళ్ళు దొరకలేదా?

సిగ్గుతో చచ్చిన
హిమజ

తా.క.: సాంబశివరావు బావకేమైనా ఇబ్బందా? అందుకే ఆ డాక్టరును ఒప్పుకున్నావా? ఎవరికీ చెప్పనులే.


ఎడ్లపాడు

ఒసే పిచ్చి మొద్దా,

నీ ఉత్తరం మీ బావ కంటపడింది. రెండు రోజుల నుంచి మా పిల్లలిద్దర్నీ చెరో భుజాన ఎక్కించుకొని బజారులో తిరుగుతున్నాడు.

ప్రకటనలు పెట్టేది నేను కాదు, కంపెనీ. ఎవరు ఫోన్‌లో దేనికోసం వెతికితే వాళ్ళకు అవే చూపిస్తుంది. అదే గోంగూర వీడియోలో మా ఇంట్లో బోరు మోటార్లు వస్తాయి. మీ బావ పగలంతా వెతికేది వాటినే. మీ టీవీలో ఉన్నది ఎవరి అకౌంటో చూడు.

మీ అక్క
ఝాన్సీలక్ష్మి

తా.క.: మీ ఆయన ప్రకటనలు ఆపింది నీ హాయి కోసమేనంటావా?


నరసరావుపేట

అక్కా,

అకౌంటు మీ మరిదిదే. అడిగాను. "గుంటూరులో పరీక్ష చేయించుకున్నా. రెండేళ్ళయింది. అమ్మకి చెప్పమాక" అన్నారు. ఆ రెండేళ్ళూ అత్తయ్య ఇచ్చిన చేదు పొడులు నేను మింగుతుంటే, మంచినీళ్ళ గ్లాసు అందించింది ఆయనే.

నిన్న పెద్దమనుషులు కూర్చున్నారు. నోరు తెరవడానికి ముందు టీవీ పెట్టాను. నీ వంకాయ కూర మధ్యలో డాక్టరు వచ్చాడు. మీ మరిది రిమోట్ కోసం లేచారు. "ఎవరు వెతికితే వాళ్ళకే వస్తాయంట. ఇందులో ఉన్నది ఆయన అకౌంటే" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ముప్పాళ్ళ పిల్ల తరఫున వచ్చిన మేనమామకు మాత్రం వినపడింది.

"నిజమే, నాకు ట్రాక్టర్ టైర్లొస్తయ్. ఏంది సుధీర్ బాబూ, ఈ డాక్టరు నీకెందుకొస్తున్నాడు?"

మీ మరిది టీవీ కట్టేశారు, దాంతో అందరికీ అర్థమైపోయింది.

ఆపైన అందరూ న్యాయం మాట్లాడారు. "ఎంత ఘోరం తప్పింది! ఆ పిల్ల గొంతు కోసేవాళ్ళం" అని ముప్పాళ్ళ అమ్మాయి కోసం పది నిమిషాలు బాధపడ్డారు. నేను కాఫీ గ్లాసులు తీస్తూ విన్నాను. ఇంకో పిల్ల అక్కడే తిరుగుతోందని ఎవరికీ గుర్తు రాలేదు.

వాళ్ళు వెళ్ళాక అత్తయ్య మొదటిసారి నన్ను "అమ్మా" అని పిలిచింది. "నిన్నెక్కడికీ పంపనులే. బయట ఎవరన్నా అడిగితే మాత్రం లోపం నీదేనని చెప్పు. ఆడదానివి, నీకేం పోద్ది?" అంది.

చెప్పనన్నాను.

ప్రకటనలు ఆపడం తప్పో ఒప్పో నాకిప్పటికీ తెలియదు. నా కళ్ళ ముందు నుంచి ఏది తీసేయాలన్నా ముందు నన్ను అడగాలని మాత్రం తెలిసింది.

నీ
హిమజ

తా.క.: పొద్దున మీ మరిది టీవీలో మళ్ళీ ఆ ప్రకటనలు ఆపేది పెట్టేశారు. నన్ను అడగలేదు. నేనూ ఆయన్ను అడగకుండానే సంచి సర్దుకున్నాను. ఈ ఉత్తరం కంటే ముందు నేనే నీకు అందుతానేమో.