జల్లించిన మట్టి

9 సెప్టెంబర్ 2024, నాగపూర్

ఈ రోజు ఫ్రీజర్ తీసి లడఖ్ మట్టి బయట పెట్టాను. కొన్ని వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న మట్టి. పన్నెండు గాజు జాడీల్లో వేశాను. ఇక కరగాలి. నా థీసిస్ మొత్తం ఇదే. మంచు కరిగితే లోపల పడుకున్న మైక్రోబులలో ఏవి లేస్తాయి, ఏవి చస్తాయి? పాత జాడీల్లో చూసింది ఏమిటంటే, కరిగిన నీరు నిలిస్తే గాలి అందక మిథేన్ చేసేవి పెరిగిపోతాయి. తర్వాత నీళ్లు తీసేసినా అవి పోవు. ముందున్నవి తిరిగి రావు.

మా గైడ్ పంకజ్ సర్‌ది చంద్రపూర్. ఇంట్లో అందరూ బట్టల వ్యాపారంలో ఉంటే ఈయన మట్టిలో పడ్డాడు. మంచు మట్టి ఒక్కటే చాలదు, వేడి ప్రాంతం మట్టిని పక్కన పెట్టి పోల్చాలి అన్నాడు. నాకు వెంటనే మా పొలం గుర్తొచ్చింది. సిరోంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున మూడెకరాల నల్లరేగడి. నాలుగేళ్లుగా వరద వచ్చి పోవడం లేదు, వచ్చి కూర్చుంటోంది. ఇప్పుడు కూడా మోకాలి లోతు నీళ్లున్నాయి. పర్ఫెక్ట్ సైట్ అనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గుపడాలి. పడలేదు.

23 సెప్టెంబర్

ఊరి నుంచి బాపు పొలం మట్టి మొదటి పెట్టె పంపాడు. పది సెంటీమీటర్ల లోతు నుంచి తీయాలి, జిప్ బ్యాగులో వేసి నంబర్ రాయాలి అని ఫోన్‌లో మూడుసార్లు చెప్పాను. చేపల కిష్టన్న దగ్గర ఐస్, ఆయన దగ్గరే థర్మాకోల్ పెట్టె. కండక్టర్ శంకర్ ఆష్టిలో దించి నాగపూర్ బస్సు ఎక్కించాడు. మూత తీయగానే కుళ్లిన గుడ్ల వాసన. నల్లటి బురద. ల్యాబ్‌లో అందరూ ముక్కు మూసుకున్నారు. ఒకమ్మాయి బయటికి పరిగెత్తింది.

బాపు సాయంత్రం ఫోన్ చేసి, మట్టి ముట్టిందా బిడ్డా, మీ సార్లు ఏమన్నరు అని అడిగాడు. జరిగింది నవ్వుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు. బ్యాలెన్స్ అయిపోయిందేమో, ఫోన్ కట్టయింది.

18 నవంబర్

నవంబర్ మొదటి వారంలో నీళ్లు దిగిపోయాయి. ఇప్పుడు పది రోజులకో పెట్టె. ఈ రోజు వచ్చిన బ్యాగు నంబర్ S-14. ఎర్రగా, పొడిపొడిగా ఉంది. వాసన లేదు. గాలి తగలగానే మట్టిలోని ఇనుము తుప్పు పట్టి రంగు తిరిగింది, రికవరీ మొదలైంది అని నోట్‌బుక్‌లో రాశాను. కింద రెండు గీతలు కూడా గీశాను. ఒక్క వేరు ముక్క, ఒక్క రాయి లేదు. బాపు పని ఎప్పుడూ శుభ్రం.

19 జనవరి 2025

మైక్రోబుల డీఎన్ఏ సీక్వెన్సింగ్ డేటా వచ్చింది. నీళ్లున్నప్పటి మట్టిలో కుప్పలుగా ఉన్న మిథేన్ మైక్రోబులు, నీళ్లు దిగాక నలభై రోజుల్లో దాదాపు సున్నా. లడఖ్ జాడీలు ఎక్కడ చెడ్డాయో అక్కడే ఉన్నాయి. మా మట్టి మాత్రం కోలుకుంది! పంకజ్ సర్ గ్రాఫ్‌ను మూడుసార్లు చూసి, ఇది పెద్ద జర్నల్‌కు పోతుంది అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మా మట్టి గట్టిది అని అందరికీ చెప్పుకోవాలనిపించింది.

బాపుకు ఫోన్ చేశాను. గ్రాఫ్ సంగతి అంతా చెప్పాను. అంతా విని, అయితే నువ్వు పాసైనట్టేనా బిడ్డా అన్నాడు.

6 ఫిబ్రవరి

మరాఠీ పేపర్లో నా ఫొటో. ల్యాబ్‌కు వచ్చిన విలేకరికి గ్రాఫ్ చూపించాను, అదే వేశారు. సిరోంచ రైతు కూతురు సరిత చెబుతోంది, మునిగిన నేల తనంతట తానే బాగుపడుతుంది అని హెడ్డింగ్. పదిహేను కాపీలు కొన్నాను.

27 ఫిబ్రవరి

యాదక్క ఫోన్. ఆమె పొలం మా గట్టు పక్కనే. భర్త పోయాక ఒక్కతే సేద్యం చేస్తుంది. మునిగే భూములు పనికిరాకుండా పోయాయి, వాటి బదులు మెట్ట మీద భూమి ఇవ్వండి అని ముప్పై ఎనిమిది కుటుంబాలు పెట్టుకున్న అర్జీని తహసీల్ ఆఫీసులో కొట్టేశారట. సాహెబు నా పేపర్ కటింగ్ తీసి అందరికీ చదివి వినిపించాడట.

యాదక్క ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. మా పొలాలల్ల గడ్డి సుత మొలుస్తలేదు, నీ కాయితంల మాత్రం అన్నీ మొలిచినయా పిల్లా అంది. డేటా అబద్ధం చెప్పదు యాదక్కా అన్నాను. నీ డేటాను తెచ్చి మా వరి నాటు అని ఫోన్ పెట్టేసింది.

నాకు ఒళ్లు మండింది. చదువురాని వాళ్లకు ఏం చెబుతాం అనుకున్నాను. ఇది కూడా రాసి పెడుతున్నాను, తర్వాత కాదనకుండా. ఆ అర్జీలో మొదటి సంతకం బాపుదే. ఆయన నాతో ఆ మాటే ఎత్తలేదు.

1 మార్చి, సిరోంచ

బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా పొలానికి పోయాను. పైన పగుళ్లు, లోపల ఇంకా తడి. చేత్తోనే తవ్వాను. నల్లగా, నీలంగా ఉంది. అదే కుళ్లిన గుడ్ల వాసన. మూడెకరాల్లో పచ్చనిది ఏదీ లేదు. నలభై రోజులు కాదు, నాలుగు నెలలయింది నీళ్లు దిగి.

ఇంటికి వస్తే వసారాలో పిండి జల్లెడ ఆరబెట్టి ఉంది. కన్నాల్లో ఎర్ర మట్టి. ఇదేంది అవ్వా అని అమ్మను అడిగాను. అవ్వ చేటలోంచి తలెత్తకుండానే, నీకు పంపే మట్టి మీ బాపు దీంట్లనే జల్లిస్తడు, ఇప్పుడు పిండికి వేరేది కొన్న అంది. ఏ మట్టి? ఇంటెనక చెలకది, నీళ్లు రాని మెట్టది.

బాపు దాచలేదు. ఆ రోజు మీ సార్లు ముక్కు మూసుకున్నరంటివి గద బిడ్డా అన్నాడు. నీళ్లు ఉన్నన్ని దినాలు ఎట్లైనా బురదనే, ఏం చేస్త, పంపిన. నీళ్లు దిగినంక సుత గదే కంపు. ఆడిబిడ్డకు బియ్యం పంపితే రాళ్లేరి పంపుతం, మట్టి మాత్రం కంపుది పంపుతమా? నీ పరీక్ష పోతదని భయమైంది. చెలకల మంచిగ జల్లించి పంపిన.

మరి అర్జీలో పొలం పాడైందని సంతకం పెట్టావు కదా అన్నాను. గది సర్కారుకు, ఇది నా బిడ్డకు అన్నాడు. రెండూ ఒకే మట్టి గురించని ఆయనకు తట్టలేదు.

2 మార్చి

చిన్నప్పుడు ఆ చెలక మట్టితోనే బొమ్మ పొయ్యిలు చేసుకునేదాన్ని. జేబుల్లో పోసుకుని బడికి పోయేదాన్ని. అదే మట్టి జిప్ బ్యాగులో నంబర్ వేసుకుని వస్తే గుర్తుపట్టలేదు. రేగడి నలభై రోజుల్లో ఎర్రచెలక కాదని మా ఊళ్లో మేకలకు కూడా తెలుసు. నేను మాత్రం ఇనుము, తుప్పు అని రాసి కింద రెండు గీతలు గీశాను. కోలుకోవాలని అంత కోరిక నాకు.

బాపు పొద్దున నా ముందు కూర్చుని, నా పేరు రాయి అన్నాడు. ముసలోడు దొంగ మట్టి పంపిండని రాయి, నీ మీద పెట్టుకోకు. లేచి బయటికి పోయాను. యాదక్క ఇంటి ముందు నుంచి పోవాల్సి వచ్చింది. ఆమె చూసింది. పలకరించలేదు.

7 మార్చి, నాగపూర్

పంకజ్ సర్ అరవలేదు. జర్నల్‌కు ఇంకా పంపలేదు కదా, చాప్టర్ తీసేద్దాం అన్నాడు. లడఖ్ జాడీలతోనే థీసిస్ నడుస్తుంది, ఇంకో ఏడాది పడుతుంది. పేపర్ వాళ్లు రాసింది మన రిపోర్టు కాదు, నువ్వెందుకు పరేషాన్ అవుతావు, తహసీల్‌కు రాస్తే ల్యాబ్ పరువు పోతుంది అన్నాడు.

రాశాను. పేపర్‌కూ రాశాను. ఆ ఎర్ర మట్టి మునిగిన పొలానిది కాదు, ఆ పొలం ఇంకా కుళ్లే ఉంది, రంగు చూసి కూడా అడగని తప్పు నాది అని. బాపు పేరు రాయలేదు.

28 మార్చి

తహసీల్ నుంచి మరాఠీలో జవాబు. మొదటి ఫలితం తప్పయితే రెండోది నిజమని ఎలా నమ్మాలి? వచ్చే ఏడు పరిశీలిస్తాం. పేపర్ వాళ్లు జవాబే ఇవ్వలేదు.

వచ్చే ఏడు అంటే ఇంకో వరద.

29 మార్చి

యాదక్క ఫోన్ ఎత్తడం లేదు.

5 ఏప్రిల్

పెట్టె వచ్చింది. నేను అడగలేదు. నల్ల మట్టి, జల్లించలేదు. వేళ్లు, రాళ్లు, ఒక నత్త గుల్ల. బ్యాగు మీద బాపు రాతలో సర్వే నంబర్, తేదీ. దాని కింద, సాక్షి యాదక్క అని రాసి, వేలిముద్ర.

ల్యాబ్‌లో అందరూ ముక్కు మూసుకున్నారు. బాపుకు చెప్పలేదు.