ఉప్పు టబ్బులో ముల్లంగి

లక్ష్మణమ్మకు శ్రీకాకుళం నుంచి దాలయ్య రాయడం. ఫోనులో అయితే ఏడుస్తావని కార్డు రాస్తున్నాను. విరిగిన కాలికి కట్టు విప్పేశారు. కూతురు గౌరి ఇంట్లో ఊరికే కూర్చుని తినలేక, మేడ మీద ముల్లంగి వేశాను. చేపలు ఉప్పులో ఊరేసే పాత టబ్బు అది. కడగమని గౌరి చెప్పింది, నేను వినలేదు. ఒక్క గింజా మొలవలేదు.

అల్లుడు భాస్కర్ నవ్వాడు. "మావా, ముల్లంగి నాటినావా, ఊరేసినావా?"

"నెల పోనీ అల్లుడా, ఇంకో ముక్క ఎయ్యమని నువ్వే అడుగుతావు" అన్నాను.

టబ్బు నాలుగుసార్లు కడిగి, అడుగున కన్నాలు పెట్టి, ఏటి ఒండ్రు, పేడ ఎరువు పోసి మళ్లీ వేశాను. నీళ్లు పోయడానికి రోజూ మెట్లెక్కాలి. మొదట్లో అల్లుడి భుజం పట్టుకున్నాను. ఇప్పుడు బకెట్టుతో ఒక్కడినే ఎక్కుతున్నాను. నిన్న పీకితే దుంప జానెడు ఉంది. పులుసులో ముక్కలు అల్లుడే రెండోసారి వేయించుకున్నాడు.

మన పెరట్లో చిలగడదుంప తీగ నాలుగు ముక్కలు కోసి బస్సులో పంపించు. మేక ఈనిందా? బీపీ మాత్ర మానేయకు. తీగ నాటేసి నేను వచ్చేస్తాను, దుంపలు వాళ్లే తవ్వుకుంటారు. పిల్లలకు నా దీవెనలు. నా వల ఎవరికీ ఇవ్వొద్దని పెద్దోడు ఈశ్వర్‌కు చెప్పు.