తేట నెత్తురు

జనవరి 9, 1968

ఉద్యోగం దొరికింది. రెండు నెలలకే. హైదరాబాద్ నుంచి డాక్టర్ జగన్‌మోహన్ గారు వచ్చారు. మనం తిన్న కొవ్వు నెత్తురులో ఎలా ప్రయాణిస్తుందో చూసే రీసెర్చ్ అట. ఆయనది కోస్తా తెలుగు. మా వాడకట్టు అవ్వలకు సగమే అర్థమవుతుంది. మధ్యలో ఒక మనిషి కావాలి. కాన్వెంట్‌లో చదివిందని పాస్టరు గారు నా పేరు చెప్పారు. నలుగురిలో నోరు విప్పలేని నన్ను మాట్లాడటానికి పెట్టుకున్నారు.

ఒప్పుకున్నది జీతం కోసం కాదు. నాన్న ముప్పై తొమ్మిదో ఏట, బెల్లం పెనం దగ్గర నిలబడినవాడు నిలబడినట్టే పడిపోయాడు. తాత ఇంకా చిన్న వయసులో, అలాగేనట. అన్న ప్రకాశానికి ఇరవై ఆరు. డాక్టరు గారు మాటల్లో హెరిడిటీ అన్నారు. ఆ తర్వాత ఆయన చెప్పిందేదీ నాకు వినబడలేదు.

జనవరి 12

నూనె నీళ్ళలో కలవదు, నెత్తురు దాదాపు నీళ్ళే. అందుకని కొవ్వు ఒంటరిగా పోలేదు. ప్రోటీన్ దాన్ని చుట్టుకుని మోసుకుపోతుంది. ఆ రెండూ కలిసినది లైపోప్రోటీన్. డాక్టరు గారు దవాఖాన కిటికీలోంచి బొంబాయి రోడ్డు చూపించారు. తిన్నాక బయల్దేరేవి పెద్ద లారీలు, సరుకు దించేసి మాయమవుతాయి. చిన్న బండ్లు కూడా ఉన్నాయి, అవి ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి అన్నారు.

ఏవి మంచివి, ఏవి చెడ్డవి? అడగాలనుకున్నాను. గొంతు సవరించుకున్నాను కూడా. ఆయన మంచినీళ్ళు ఇమ్మంటారా అన్నారు. తాగేసి వచ్చాను.

జనవరి 18

ఇల్లిల్లూ తిరిగాను. రాత్రి భోంచేశాక, పొద్దున నెత్తురు ఇచ్చేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టవద్దని చెప్పాలి. పక్కింటి సంగమ్మ, గుంజిన నెత్తురు మళ్ళ వాపస్ ఇస్తరానే మనోరమా అని అడిగింది. ఇవ్వరన్నాను. మరి గంత పెద్ద చదువు ఎందుకు చదివినట్టు అన్నది. అరుగు మీదివాళ్ళంతా నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి.

మా అవ్వ బస్వమ్మ, నాన్న తల్లి, మాత్రం నవ్వలేదు. కడుపు ఎండవెట్టి నెత్తురు తీసుడేంది, ఆ డాక్టరును కన్న తల్లి లేదా అన్నది. అమ్మ నాకు గుర్తు లేదు. నన్నూ అన్ననూ పెంచింది అవ్వే. ఆమెతో వాదించడం నాకు చేతకాదు.

జనవరి 19

అన్న చెయ్యి పట్టుకున్నది నేనే. సూది దిగుతుంటే అతను నవ్వాడు. కళ్ళు మూసుకున్నది నేను.

జనవరి 20

రాత్రంతా ఐసులో నిలబెట్టిన గొట్టాలు. అడుగున ఎరుపు చేరి, పైన లేత పసుపు తేరాలి. అన్న గొట్టంలో పైన తేరింది తెల్లగా ఉంది. పాలు. అచ్చం పాలు. లేబుల్ చూశాను. నా రాతే. మళ్ళీ చూశాను.

సంగమ్మది తెలుపు. మా ఇళ్ళ వరుసలో చాలామందిది తెలుపే.

డాక్టరు గారు కుర్చీలో కూర్చోలేకపోయారు. అరుదైన జబ్బు, ఒకే వీధిలో ఇంతమందికి ఉన్నట్టు ఇంతవరకు ఎవరూ రాయలేదు అన్నారు. అందరిలో చిక్కటిది అన్న నెత్తురే కాబట్టి, అతన్ని హైదరాబాద్‌లో వార్డులో పెట్టి చూడాలన్నారు. జబ్బు అనే మాటను ఇంత సంతోషంగా పలకడం మొదటిసారి విన్నాను. ఆయన మంచి మనిషే. అది కూడా నాకు అర్థం కావడం లేదు.

సాయంత్రం

అన్నకు చెప్పాను. నెత్తురు పాలైతే మంచిదే గదనే, చాయ్‌కి పాలు కొనే పని లేదు అన్నాడు. నేను ఏడ్చాను. జర ఫికర్ చేయకు, నాకేమైతదే, గుండ్రాయి లెక్క ఉన్న అన్నాడు. నాన్న కూడా అలాగే ఉండేవాడు. అందుకే ఏడ్చానని చెప్పలేదు.

జనవరి 22

మళ్ళీ ఒకసారి నెత్తురు ఇవ్వాలని చెప్పడానికి సంగమ్మ ఇంటికి పోయాను. ఇస్తం తియ్ బిడ్డా, గని ఈసారి నెయ్యి ఎవరు వోస్తరు, సర్కారా అన్నది.

ఏ నెయ్యి?

నేను ఇల్లిల్లూ తిరిగిన దారినే, నా వెనకాల అవ్వ తిరిగిందట. దవాఖానకు పోయేముందు వేడి పాలలో నెయ్యి పోసి తాగించమని చెప్పిందట, బాలింతకు పోసినట్టు. ఒంట్లోంచి పోయేదానికి ముందే బదులు పోయాలట. నెయ్యి లేనివాళ్ళకు మా ఇంటి గిన్నెలోంచే పంచిందట. అన్నకు రెండు లోటాలు.

ఇంటికి పోయి నిలదీశాను. అవ్వ జంకలేదు. మొగన్ని మట్టిల వెట్టిన, కొడుకును మట్టిల వెట్టిన, మనుమన్ని ఉట్టి కడుపుతోని సూది కిందికి పంపుతనా అన్నది. నీళ్ళు తప్ప వద్దని చెప్పాను కదా అన్నాను. చెప్పినవ్ బిడ్డా, దొరసాని లెక్క మంచిగనే చెప్పినవ్ అన్నది. ఆ మాటతో పని అయిపోయినట్టు పొయ్యి ఊదుకుంది.

జనవరి 23

డాక్టరు గారికి చెప్పాను. ఒక్క మాటలో వచ్చేసింది: నెయ్యి సార్. ఆయన ఒక గొట్టం ఎత్తి వెలుతురుకు పెట్టారు. తర్వాత నవ్వారు. ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది. తిన్న నెయ్యే అలా తేలిందన్నారు, పెద్ద లారీలు, ఎవరికైనా అంతే. జబ్బు కాదు.

జబ్బు కాదు. దారంతా ఆ మాటే నాలో నేను చెప్పుకుంటూ ఇంటికి వచ్చాను.

జనవరి 27

అన్న నిన్న రాత్రి చిరాగ్‌పల్లిలో తను పనిచేసే లారీ షెడ్డులోనే పడుకున్నాడు, అవ్వకు అందకుండా. పొద్దున సైకిల్ మీద నేరుగా దవాఖానకు వచ్చాడు. ఆకలికి ముఖం పీక్కుపోయింది. సూది తీయగానే, హోటల్ దిక్కు పోవచ్చునా అని డాక్టరు గారినే అడిగాడు.

జనవరి 28, ఆదివారం

చర్చికి పోయే ముందు దవాఖానకు పోయాను. తేట! గొట్టం వెనక పెట్టిన నా వేలు, గోరుతో సహా కనబడింది. చర్చిలో పాట తప్పుగా పాడాను. సంగమ్మ తిరిగి చూసింది. సిగ్గు కూడా వేయలేదు.

అవ్వ వాడకట్టంతా బెల్లం పంచింది. నా మనుమని నెత్తురు నీళ్ళ లెక్క ఉన్నదట, చూసిన్రా అని.

ఫిబ్రవరి 16

డాక్టరు గారు హైదరాబాద్ నుంచి కాగితం స్ట్రిప్పులు తెచ్చారు. సన్నటి బద్దలు. వాటి మీద నెత్తురులోని తేట భాగాన్ని ఒక చుక్క పెట్టి కరెంటు పంపిస్తే, లైపోప్రోటీన్లు వేటి చోటికి అవి విడిపోతాయి. రంగు వేస్తే గీతలుగా కనబడతాయి. అన్నను చూసి తర్వాత ఖాళీ కడుపుతోనే నెత్తురిచ్చిన అవ్వది, సంగమ్మది రెండు పలుచని ఎర్ర గీతలు. అన్న నెత్తురుది ఒకటే మందం గీత, ఎర్ర సిరా ఒలికి ఇంకినట్టు.

ఈసారి గొంతు సవరించుకోకుండానే అడిగాను. ఇవి చిన్న బండ్లు అన్నారు. వెలుతురును ఆపలేనంత చిన్నవి, అందుకే తేటగా కనబడుతుంది. గుండె నాళాల్లో పేరుకుపోయే కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా మోసేవి ఇవే, అన్న నెత్తురులో మరీ ఎక్కువ ఉన్నాయి. తిన్నా ఉంటాయి, తినకపోయినా ఉంటాయి. నాన్న సంగతి, తాత సంగతి అడిగారు. చెప్పాను. ఇద్దరి వయసులూ కాగితం మీద రాసుకున్నారు.

తెల్లగా ఉన్నప్పుడు ఏడ్చాను, అది ఏమీ కాదు. తేటగా ఉన్నప్పుడు బెల్లం పంచాం.

అన్న కూడా నాన్నలాగే పోతాడా అని అడిగాను. ఈ చదువు చాలామంది గురించి చెబుతుంది, ఒక మనిషి గురించి చెప్పలేదు అన్నారు. మందు? కొత్తవి పరీక్షిస్తున్నారట. నెయ్యి, మాంసంలో కొవ్వు తగ్గించమన్నారు. మేలు జరగవచ్చు, జరగకపోవచ్చు. అన్నకు మీరే చెప్పండి సార్ అన్నాను. నా తెలుగు మీ అన్నకు సగమే అర్థమవుతుంది, ఇలాంటి విషయం సగం అర్థం కాకూడదు మిస్ మనోరమా అన్నారు.

ఫిబ్రవరి 17

చెప్పలేదు.

ఫిబ్రవరి 20

చెప్పలేదు. అవ్వ అన్న పళ్ళెంలో నెయ్యి పోస్తుంటే చెయ్యి పట్టుకున్నాను. ఏందే, వానికి పెండ్లి కాకముందే ఆడబిడ్డ పెత్తనమా అన్నది. అన్న నవ్వాడు. నేను చెయ్యి వదిలేశాను.

అవ్వ డెబ్బై ఏళ్ళుగా అదే నెయ్యి తింటోంది. ఆమెవి పలుచని గీతలు. మరి నాన్నను తీసుకుపోయింది నెయ్యా, నెత్తురా? నెయ్యి మానేస్తే అన్న బతుకుతాడా, లేక ఇష్టమైన తిండి కూడా లేకుండా పోతాడా? డాక్టరు గారిచ్చిన పుస్తకం రెండుసార్లు చదివాను. ప్రతి వాక్యం అర్థమైంది. మొత్తం కలిపితే అర్థం కావడం లేదు.

ఫిబ్రవరి 22

బస్సెక్కి చిరాగ్‌పల్లి పోయాను. అన్న లారీ కింద పడుకుని పని చేస్తున్నాడు. పాదాలు మాత్రమే బయటికి ఉన్నాయి. మేలైంది. ముఖం కనబడితే నాకు మాట రాదు. నేల మీద కూర్చుని ఆ పాదాలకే అంతా చెప్పాను. పెద్ద లారీలు, చిన్న బండ్లు, ఎర్ర గీత, తాత, నాన్న. తెలిసినదీ చెప్పాను, ఎవరికీ తెలియనిదీ చెప్పాను. స్పానర్ చప్పుడు ఎప్పుడు ఆగిందో గమనించలేదు.

లారీ కిందినుంచే అడిగాడు, నాయిన లెక్కనే అయితదా అని. డాక్టరు గారికి కూడా తెలియదన్నాను. ఒక పాదం కొంచెం కదిలింది.

తర్వాత మెల్లగా అడిగాడు. అవునే చెల్లే, మరి నీది చూసిన్రా?

అన్ని గొట్టాలకూ పేర్లు రాశాను. అందరి చేతులూ పట్టుకున్నాను. నాకూ ఒక చెయ్యి ఉందని తోచనే లేదు. డాక్టరు గారికీ తోచలేదు.

ఫిబ్రవరి 24, పొద్దున ఆరు

రాత్రి నుంచి నీళ్ళు తప్ప ఏమీ తీసుకోలేదు. అన్న సైకిల్ బయటికి తీశాడు. గింత పొద్దుగాల ఎటు పోతున్రు అని అవ్వ అడిగింది. ఇద్దరం ఒకేసారి చెరో అబద్ధం చెప్పాం.