యాదగిరికి పడ్డ డ్రాగన్

మంగళవారం, రాత్రి

రోజూ మేమిద్దరం వాకింగ్ ఎగ్గొట్టి ఫోన్లలో కోటల యుద్ధం ఆడుకునే క్యాంపస్ బెంచీ మీదే, తన క్యాన్సర్‌కి మందు పనిచేయలేదని స్కాన్‌లో తేలిందని చెప్పాడు యాదగిరి. చెబుతూనే ఆటలో ఇవాళ్టి బహుమతి పెట్టె తెరిచాడు. ఎన్నాళ్లుగానో దొరకని డ్రాగన్ పడింది. వరసగా ఓడేవాడు ఆట వదిలిపోకుండా కంపెనీవాళ్లు అదృష్టాన్ని ఇలా తూకం వేస్తారని నా సిద్ధాంతం. మా లాలాపేట్ పేకాటలో ఓడినవాడికి ఇంత మర్యాద ఉండేది కాదు, అది వేరే కథ.

"దవాఖానల పడాల్సిన లక్కు గీడ పడ్డది చూడన్నా. ఇగ నాకెందుకు, నువ్వే ఉంచుకో," అని నవ్వి, దాన్ని నా కోటకు కాపలాగా పంపేశాడు.

కోట మీద ఎవరైనా దాడి చేస్తే డ్రాగన్ పోరాడి చచ్చిపోతుంది. నేను ఆటలో ఉన్నంతసేపు మాత్రం ఎవరూ దాడి చేయలేరు. తార్నాక సద్దుమణిగింది. ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి, ఆట తెర ఆరిపోకుండా వేలితో తాకుతూ ఇది రాస్తున్నాను.