మిహ్లాలి రక్తం నీకు ముందే చెప్పింది

వూస్టర్,
అక్టోబరు

ప్రియమైన లిండేల్వా అక్కకు,

నీ ఉత్తరం చేరింది. ఇక్కడ అమ్మ కులాసా. నీ కూతురు లిహ్లే అమ్మ దగ్గర బాగానే తింటోంది, బడికి వెళుతోంది. డర్బన్‌లో నీ శిక్షణ సవ్యంగా సాగుతోందని తలుస్తాను. అడిగావు కాబట్టి చెబుతున్నాను: ఎండలు రాగానే అమ్మ మోకాళ్లకు కాస్త నయం. పైకప్పుకు రేకు మార్పించాం, ఇక కారడం లేదు. నాకు ద్రాక్షతోటలో మళ్లీ పని దొరికింది.

మిహ్లాలి గురించి కూడా అడిగావు. నా బిడ్డ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది. క్షయ తగ్గుతోందట, కానీ ఎడమ ఊపిరితిత్తి కింది భాగం పాడైపోయిందట. మొన్న చర్చిలో పాట అందుకుని రెండో చరణానికే కూర్చుండిపోయింది. "నువ్వు పాడమ్మా, నేను వింటాను" అంది.

ఫోన్ చేస్తే నీ గొంతు విని అడగవలసింది అడగలేను. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను.

పోయిన నెల లిహ్లేని మా ఇంట్లో పడుకోమన్నాను. గుమ్మంలోనే నిలబడిపోయింది. ఏమ్మా అంటే తల వంచుకుని, "అమ్మ వద్దంది పిన్నీ. మిహ్లాలి రక్తంలో జబ్బు కనిపించిందట. దాని కప్పుతో తాగొద్దంది" అంది. ఎప్పుడు చెప్పిందని అడిగాను. ద్రాక్ష కోతలప్పుడు, ఫిబ్రవరిలో అంది.

ద్రాక్ష కోతలప్పుడు, అక్కా. నా బిడ్డ దగ్గడం మొదలుపెట్టింది ఆ తర్వాత నాలుగు నెలలకు, జూన్ చలిలో.

క్షయ రాబోయేవాళ్లను దగ్గు రాకముందే రక్తంలోని గుర్తులతో పట్టే పరీక్ష అని చెప్పి, మీ పరిశోధన క్లినిక్ తరఫున అందరికంటే ముందు మా ఇంటికే వచ్చావు. "నా చెల్లెలి కూతురే ఇవ్వకపోతే ఈ వీధిలో ఇంకెవరిస్తారే?" అన్నావు. సూది గుచ్చుతుంటే దాని చెయ్యి పట్టుకున్నది నువ్వే. పరీక్ష నమ్మదగిందో కాదో తేలేదాకా ఫలితం ఇంటివాళ్లకు చెప్పరని నాకు తెలుసు, ఒప్పుకునే సంతకం చేశాను. నియమం కోసం నోరు మూసుకున్నావంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. కానీ నీ కూతురికి చెప్పుకున్నావు. ఆదివారాలు దాన్ని మా ఇంటికి పంపడం మానేసి, బడిలో పరీక్షలున్నాయన్నావు. పాపం చదువుకుంటోందని నేను మగ్విన్యా బూరెలు వేయించి దానికి పంపాను. "దీన్ని ఒకసారి డాక్టరుకు చూపించవే" అని ఊరికే అన్నా సరిపోయేది. ఎందుకని కూడా అడిగేదాన్ని కాదు.

అమ్మ నిన్నే వెనకేసుకొస్తోంది, ఉద్యోగం పోతుందని భయపడి ఉంటుందంటోంది. ఉండొచ్చు.

ఇంకొక సంగతి ఇంతదాకా తొక్కిపెట్టాను. మిహ్లాలితో మెలిగినవాళ్లకు ప్రభుత్వ క్లినిక్‌లో రక్తపరీక్ష చేస్తున్నారు. అమ్మ సంతకం పెడితే లిహ్లేని నేనే తీసుకెళ్లాను. ఇవాళ పొద్దున ఫలితం వచ్చింది. జబ్బు లేదు, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. కానీ క్రిమి ఒంట్లో చేరి ఉందని రక్తం చెబుతోందట. ఎప్పుడు చేరిందో, ఎవరి నుంచి చేరిందో చెప్పలేమన్నారు. ముదరకుండా మాత్రలు ఇచ్చారు. మొదటిది నా చేత్తోనే మింగించాను. భయపడకు.

తిరిగి వస్తుంటే దారంతా ఒకటే ఆలోచన, నీకు చెప్పకుండా ఉంటే ఏమవుతుందని. ఎలా ఉంటుందో నీకూ తెలిసిరావాలి అనుకున్నాను. ఇంటికొచ్చి పొయ్యి కూడా వెలిగించకుండా ఈ కాగితం తీశాను. ఒక్క పూట ఆగడం నా వల్ల కాలేదు. నీ వల్ల ఎలా అయిందో, జవాబులో అదొక్కటి రాయి.

ఇట్లు,
మిహ్లాలి తల్లి
బబాల్వా