ఎలుకల కోసం ఆగిన మనిషి

ప్రొద్దుటూరు, శనివారం రాత్రి

సాయంత్రం పెద్దమామ జమ్మలమడుగు నుంచి జీపులో వచ్చాడు. ఎన్నికలు అయ్యేదాకా మా ఆయన తన వెంట ఉండాలట. పోయిన ఎన్నికలప్పుడు అట్లా వెంట తిరిగిన చిన్నమామ కొడుకు ప్రాణాలతో తిరిగి రాలేదు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను.

“రాలేను పెద్దనాయనా. కాలేజీలో ఎలుకల రక్తం తీస్తాండాం,” అన్నాడు ఈయన.

“ఎలుకలకు ఓట్లుండాయేందిరా?”

ఈయన నవ్వి నిదానంగా చెప్పాడు. సన్న ఎలుకలు పగలు పడుకొని రాత్రి తింటాయి. లావు ఎలుకలు పగలు కూడా లేచి తింటూ ఉంటాయి. రెంటి రక్తంలోనూ హార్మోన్లు ఏ పొద్దుకు ఎట్లా మారతాయో చూస్తున్నారట. కొత్త మనిషి పట్టుకుంటే ఎలుకలు బెదిరిపోతాయి, ఆ బెదురుకే హార్మోను పెరిగి పరీక్ష పాడవుతుందట.

మామ నా వైపు తిరిగాడు. “ఏం కోడలా, నిజమేనా? భయపడి సాకులు చెప్తాండాడా?”

పెళ్లయినప్పటి నుంచి మామ ఎదుట నేను నోరు విప్పలేదు.

“నిజమే మామా. అవి ఈయన చేతికి మచ్చికైనాయి,” అన్నాను.

మామ కాఫీ ముట్టకుండానే లేచిపోయాడు. కోపం వచ్చిందేమో. రేపు మనుషులను పంపుతాడేమో...

“నీకు మాటలు శానా వచ్చునే,” అని ఈయన అన్నం తింటూ ఆటపట్టించాడు. నేనూ అట్లే మచ్చికైనానని చెప్పాలనుకున్నాను. సిగ్గేసి, ఇంకొంచెం పప్పు వడ్డించాను.