తాటాకు చేపల ఫోటో

ప్రియమైన అమ్మకి,

ఫోన్ చెయ్యమన్నావు గానీ ఫోన్లో నాకు నోరు పెగలదు కదా. అందుకే టైపు చేస్తున్నా. తప్పులుంటే సర్దుకో.

సీంగ్ తాత పోయాడు. నిద్రలోనే పోయాడట, బాధేం పడలేదట. కాలవకి అటు గట్టు, ఇటు గట్టు అందరూ వచ్చారు. తాత అల్లిన తాటాకు చేపలు వేలాడని ఉయ్యాల మన వైపు ఒక్కటైనా ఉందా చెప్పు. ఎవరో ఆయన శవపెట్టె పక్కన కూడా నాలుగు చేపలు కట్టారు. గాలికి అవి తిరుగుతుంటే పెద్దవాళ్ళు కూడా చిన్నపిల్లల్లా ఏడ్చారు.

నీకు సెలవు దొరకలేదని ఓన్ పెద్దమ్మకి చెప్పాను. "మీ అమ్మకి ఆ హోటలు వాళ్ళ దుప్పట్లు ఉతకడానికి ఈ జన్మ చాలదురా" అంది. తిట్టలేదులే, నవ్వుతూనే అంది.

వంటల దగ్గర తీసిన ఫోటో పంపిస్తున్నా. ముందు గరిటె పట్టుకుని నిలబడింది ఓన్ పెద్దమ్మ. వెనకాల అక్క కూడా పడింది. కావాలని తియ్యలేదమ్మా, కోప్పడకు. నల్లచొక్కాకి గుండీ ఊడినట్టుంది, పొట్ట దగ్గర పిన్నీసు పెట్టుకుంది పాపం.

మీరిద్దరూ మాట్లాడుకుని రెండేళ్ళయింది. నీ ఫోన్ వస్తే అక్క ఎక్కడికీ పోదు తెలుసా? అక్కడే కూర్చుని గిన్నెలు తోముతుంది. తోమిన గిన్నే మళ్ళీ తోముతుంది. ఇది చెప్పమని ఎవరూ అనలేదు. ఊరికే చెప్పా.

నీ కొడుకు,
పియక్

*

నా బంగారు పియక్‌కి,

ఫోన్ చేస్తే ఊ, ఊ అంటావు. రాయమంటే ఆగవు. ఎవరి పోలికో!

సీంగ్ తాత కబురు విన్నాక నాకిక్కడ పని మీద చెయ్యాడలేదు. నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడు ఆయన అల్లిన చేపని అందుకుని నోట్లో పెట్టుకున్నావు. దాని ఎర్రరంగు మూతికంతా అంటుకుంది. రక్తం అనుకుని నేను గోల గోల చేస్తే, "నీ కొడుకు చేపల కూర బాగా తింటాడులేవే" అన్నాడు. నిజంగానే తింటున్నావు.

ఫోటో చూశాను. చాలాసేపు చూశాను. ఓన్ బాగా ఒళ్ళు చేసింది. నేనన్నానని చెప్పకు.

మన కొబ్బరిచెట్టుకి బోండాలు ఉన్నాయా? రోజూ ఒకటి దింపి మీ అక్కకి కొట్టియ్యి. ఎండలు మండిపోతున్నాయి కదా, అందుకు. నేను చెప్పానని మాత్రం అనకు. ఇంకోటి, కాలవ మెట్లకి పాచి పట్టి ఉంటుంది. కొబ్బరిపీచుతో బాగా రుద్ది కడుగు. నువ్వు జారిపడతావని చెప్తున్నా, ఇంకెవరి కోసమూ కాదు.

వేళకి తిను.

హువాహిన్ నుంచి,
అమ్మ

*

ప్రియమైన అమ్మకి,

మెట్లు కడిగాను. ఇప్పుడు వాటి మీద అన్నం పెట్టుకుని తినొచ్చు. బోండాలు కూడా కొడుతున్నా. "ఏంట్రా, నా మీద ఇంత ప్రేమ పుట్టుకొచ్చింది?" అని అక్క అడిగింది. ఎండలు అని చెప్పాను. ఆ రోజు వాన పడుతోంది.

అమ్మా, రెండేళ్ళలో నువ్వు అక్క ఊసెత్తడం ఇదే మొదలు. నేను గమనించాను.

సరే, అసలు విషయం. నాకొకటి తెలిసింది, నీకు చెప్పకూడదు. అక్క ఒట్టు వేయించుకుంది. మంచిదే, భయపడకు. దానికోసం ఒక ఫోటో తియ్యాలి. ముందు నీకు పంపిస్తుంది, నువ్వు ఏమంటావో చూసి తర్వాత ఊరికి. ఈ ఫోటో ఆలోచన నాదే తెలుసా! "అమ్మతో ఏమని మొదలుపెట్టాలో తెలియట్లేదురా" అంది అక్క. నోరు పెగలని వాళ్ళ సంగతి నాకు కాక ఎవరికి తెలుసు? ఫోటో పంపు అన్నాను.

అప్పట్నుంచి ఇంట్లో అదే గొడవ. ఖేమ్ బావ పడవకి రంగు వేస్తానంటాడు, రంగు ఆరేసరికి పిల్లాడు బడికి వెళ్తాడు అంటుంది అక్క. అయ్యో. పిల్లాడు అంటే పక్కింటి పిల్లాడు. అది వదిలెయ్.

"నన్ను హీరోలా తియ్యాల్రా బావమరిదీ" అంటాడు బావ.

"నువ్వు కనబడకుండా తియ్యమన్నాను వాణ్ణి, ఒట్టి చెయ్యి చాలు" అంటుంది అక్క.

ఉదయం పూట, కాలవ మీద ఎండ పసుపుగా ఉన్నప్పుడు తీద్దామనుకున్నాం. పడవలో అక్క ఇటు, బావ అటు. ఒకళ్ళ చేతిలో ఒక పెద్ద తాటాకు చేప, ఇంకొకళ్ళ చేతిలో ఇంకో పెద్దది. మధ్యలో దారానికి ఒక బుల్లి చేప. అంతే, మాట అక్కర్లేదు.

నీ పెట్టెలో మాకు ఉయ్యాల కట్టిన ఎర్రగళ్ళ గుడ్డ ఉంది కదా, తీసుకోనా? ఉయ్యాల కోసం కాదు. ఇంకా, రెండేళ్ళ కిందట సీంగ్ తాత అక్కకి అల్లిచ్చిన చేపలు అటక మీద కనబడట్లేదు. ఎలుకలు కొట్టేశాయా? ఎందుకని మాత్రం అడగొద్దు.

నీ కొడుకు,
పియక్

*

నా పిచ్చి నాన్నకి,

నేనేమీ అడగను. ఉయ్యాల కోసం కాదన్నావు, నమ్మాను. పక్కింటి పిల్లాడన్నావు, అదీ నమ్మాను.

గుడ్డ తీసుకో. ముందు రెండు పూటలు ఎండలో వెయ్యి. కలరా ఉండల వాసన పోవాలి. ఆ వాసన కొందరికి కొన్నాళ్ళు పడదు.

పాత చేపల కోసం వెతకొద్దు. ఎలుకలు కొట్టలేదు, అటక మీదా లేవు. అవి ఈ ఫోటోకి వద్దు. కొత్తవి నువ్వే అల్లు. తాత నీ వేళ్ళు పట్టుకుని నేర్పాడు కదా! ముదురాకు విరిగిపోతుంది, లేత మొవ్వు కోసుకో. తోక దగ్గర తొందరపడకు. నీకు తొందరెక్కువ.

పడవలో నిలబడి పోజులు వద్దు. కూర్చోమను. ఎవర్నైనా సరే.

ఈ నెల పని ఎక్కువగా ఉంది. హోటలు నిండా జనం. దుప్పట్లు ఆరేస్తుంటే తెల్లగా కాలవ మీద పొగమంచులా ఉంటుంది. మన ఇల్లు గుర్తొస్తుంది.

అమ్మ

*

అమ్మకి,

ఫోటో లేదమ్మా. చెడిపోయింది.

చేపలు బాగానే వచ్చాయి. మొదటి మూడూ కప్పల్లా ఉన్నాయని బావ నవ్వాడు. నాలుగోది తిప్పి తిప్పి చూసి, "ఇది సీంగ్ తాతదేరా" అన్నాడు. నాకు చాలా సంతోషమేసింది.

పొద్దున్నే పడవ కట్టాం. అక్క గళ్ళగుడ్డ భుజం మీద వేసుకుని కూర్చుంది. చాలా బావుంది అమ్మా, నీలాగే ఉంది. బావ మాత్రం ఇస్త్రీ చొక్కా నలుగుతుందని కూర్చోనన్నాడు. ఇంతలో ఇసక పడవ ఒకటి రయ్యిమని పోయింది. అల వచ్చింది. బావ, ఇస్త్రీ చొక్కా, పెద్ద చేప, అన్నీ కాలవలో పడ్డాయి.

"హీరో మునిగాడురోయ్!" అని అక్క నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది. రెండేళ్ళలో అంత నవ్వడం నేను చూడలేదు. ఆ నవ్వుకి ఫోటో తియ్యడం మర్చిపోయాను.

అప్పుడే అటు గట్టు మీంచి ఓన్ పెద్దమ్మ అరిచింది. "ఏమే లమయ్, ఫోటోల దాకా వచ్చిందా? ఇంక నేను డప్పు కొట్టొచ్చా?"

అంతే. అక్క మొహం మారిపోయింది. బుల్లి చేపని చేతిలో దాచేసుకుంది. మెట్లెక్కి వచ్చి, "తీసినవన్నీ చెరిపెయ్ రా" అంది.

"ఎందుకే, ఇంకోసారి తీద్దాం" అన్నాడు బావ, నీళ్ళోంచే.

"వద్దు. అమ్మ ఈ ఫోటో చూసి మళ్ళీ అదే మాట అంటుంది. ఇంకోసారి వినలేను" అంది.

ఏ మాటో నాకు తెలుసమ్మా. పోయినసారి అక్క అందరికీ చెప్పుకుంది. ఊరంతా తిరిగి చెప్పింది. తర్వాత కడుపు పోయింది. "నోరాగక ఊరంతా చాటావు, అందుకే నిలవలేదు" అని నువ్వు అన్నావు. నేను అప్పుడు నీళ్ళజాడీల వెనక ఉన్నాను. మీరు చూడలేదు. తర్వాత నువ్వు హువాహిన్ వెళ్ళిపోయావు, అక్క గిన్నెలు తోముతోంది.

అమ్మా, నేను నీకేం చెప్పలేదు సరేనా? ఫోటో గురించే చెప్పాను. నువ్వేం అర్థం చేసుకోకు. ఒక్కటి మాత్రం చెప్పు. అలాంటి ఫోటో ఒకటి వస్తే నువ్వేమంటావు?

పియక్

*

ప్రియమైన పియక్‌కి, పక్కన ఉంటే లమయ్‌కి కూడా,

ఒరే, నువ్వు ఒట్టు తప్పలేదు. నీకు తెలియక ముందే నాకు తెలుసు.

సీంగ్ తాత చావింట్లో తీసి నువ్వు పంపిన ఫోటోలో అక్క పొట్ట దగ్గర పిన్నీసు ఉంది. గుండీ ఊడిందనుకున్నావు నువ్వు. మగపిల్లలకి ఇవన్నీ ఎవరు చెప్తారు? కడుపుతో ఉన్న మనిషి చావింటికి వెళ్తే గాలీ ధూళీ సోకకుండా పొట్ట దగ్గర పిన్నీసు గుచ్చుతారు. ఓనే గుచ్చి ఉంటుంది. ఫోన్‌ని వేళ్ళతో పెద్దది చేసి చూశాను. చేతిలో తడి దుప్పటి జారి కింద పడింది. మళ్ళీ ఉతకాల్సి వచ్చింది, అయినా కోపం రాలేదు.

తెలిసీ ఎందుకు ఊరుకున్నానని అడుగుతావు. చెప్తే నిలవదన్నదాన్ని నేనే కదా! అందుకని ఈసారి నేను నోరు మూసుకున్నాను. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పలేదు. దణ్ణం పెట్టుకునేటప్పుడు కూడా పేరెత్తకుండా, "ఎవరి సంగతో నీకు తెలుసుగా" అని మొక్కాను. బోండాలూ మెట్లూ తప్ప నా చేతిలో ఇంకేం ఉంది?

లమయ్, ఆ మాట నిజం కాదే. నిజమైతే ఓన్ నోటికి మన కాలవ మీద ఒక్క పిల్లాడూ పుట్టేవాడు కాదు. నా ఏడుపు ఆగక ఎవర్నో ఒకర్ని అనాలనిపించింది. దగ్గర నువ్వే ఉన్నావు.

పాత చేపలు ఎలుకలు కొట్టలేదు. వచ్చేటప్పుడు సంచిలో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఇక్కడ నా మంచం పైన గోడకి ఉన్నాయి. పక్క మంచం అమ్మాయి అలంకారం అనుకుంటోంది. ఆ బిడ్డకీ నేను అమ్మమ్మనే కదా. ఒక్కదాన్నే అటక మీద వదిలి రాలేకపోయాను.

ఫోటో వస్తే ఏమంటానని అడిగావు. ఏమంటానో నాకూ తెలియదు. సెలవు అడిగాను, ఇవ్వలేదు. మళ్ళీ అడుగుతాను.

అమ్మ

*

ప్రియమైన అమ్మకి,

క్షేమంగా చేరావా? నువ్వు బస్సెక్కాక ఇల్లంతా ఖాళీగా అయిపోయింది. బావ కూడా నెమ్మదిగా మాట్లాడుతున్నాడు, ఊహించుకో.

నీకో సంగతి చెప్పలేదు. నువ్వు చెప్పకుండా వచ్చావు చూడు, ఆ పొద్దున నేను జాడీల దగ్గర నీళ్ళు తోడుతున్నా. సంచి భుజాన వేసుకుని మెట్ల మీద నువ్వు కనబడ్డావు. నన్ను చూడలేదు. అక్క గుమ్మంలో ఉంది. పిలుద్దామనుకున్నా, ఎప్పట్లాగే నోరు పెగల్లేదు. జేబులోంచి ఫోన్ తీశాను.

సంచి మెట్టు మీద దించావు. తర్వాత నువ్వు, "బోండాలు తాగుతున్నావా?" అన్నావు.

"తాగుతున్నా" అంది అక్క.

అప్పుడు నువ్వు నీ చొక్కాకున్న పిన్నీసు తీసి అక్క పొట్ట దగ్గర పెట్టబోయావు. "చావిల్లు కాదు కదమ్మా ఇది" అంటూ ఏడ్చింది అక్క. "అయితే ఏం, ఉండనీ" అన్నావు నువ్వు. రెండుసార్లు గుచ్చబోయినా నీకు కుదరలేదు. అక్కే నీ వేళ్ళు పట్టుకుని గుచ్చుకుంది.

అదే తీశాను. నువ్వు సగం వీపే పడ్డావు. అక్కది గడ్డం, ముక్కు. మధ్యలో నాలుగు చేతులు, ఒక పిన్నీసు. పైన దూలానికి నేను కట్టిన బుల్లి చేప గాలికి ఊగి మసగ్గా పడింది. మూలన నా వేలు కూడా ఉంది. అక్క వెనకాల నిలబడ్డ బావది చెవి ఒక్కటే వచ్చింది. "ఈ చెవి నాదని ఎవరు నమ్ముతార్రా!" అని పొద్దుట్నుంచి గొణుగుతున్నాడు.

ఇంకోసారి బాగా తీద్దాం, పడవకి రంగు కూడా వేశాడు బావ అన్నాను. అక్క ఒప్పుకోలేదు. "ఇదే" అంది. ఊళ్ళో అందరికీ ఇదే పంపించింది. కింద తనే రాసింది: "మా అమ్మకి ముందే తెలుసు."

నేను తీసిన ఫోటో అని అందరూ అంటున్నారు. సిగ్గేసి రెండ్రోజులు సంతకి వెళ్ళలేదు.

అన్నట్టు, అక్క గిన్నెలు ఒక్కసారే తోముతోంది.

నీ కొడుకు,
పియక్

*

నా ఫోటోల పియక్‌కి,

చేరాను. ఒళ్ళునొప్పులు తప్ప బాగానే ఉన్నా.

ఫోటో వచ్చింది. ముందు పక్క మంచం అమ్మాయికి చూపించాను. తర్వాత ఉతికే వాళ్ళకి, ఆరేసే వాళ్ళకి, ఇస్త్రీ చేసే వాళ్ళకి. గేటు దగ్గర కాపలా ఆయన చూడనంటే కళ్ళజోడు తెప్పించి మరీ చూపించాను. ఆ వేలు నా కొడుకుది అని కూడా చెప్పాను. ఆఖరికి మేనేజరు గారు వచ్చి, "అందరూ పని మానేసి ఏంటిది?" అని అరిచాడు. ఆయనకీ చూపించాను.

మీ అక్కతో చెప్పు. ఈసారి నోరాగనిది నాకేనని.

ప్రేమతో,
అమ్మ

(రేపట్నుంచి అమ్మమ్మ అని రాయనా? వద్దులే, పుట్టనీ.)